టైరు ఎక్కకపోతే లీవరును కాదు, ఎదుటివైపు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మోటారు సైకిలు టైర్లు మార్చడానికి చేత్తో నడిపే యంత్రం కొన్నారు. పాత టైరు ఎలాగో ఊడింది. కొత్త టైరు రెండో అంచు ముప్పాతిక భాగం రిమ్ములోకి దిగి, చివరి జానెడు దగ్గర మొండికేసింది. టైరు అంచును దాటించే కడ్డీకి, అంటే లీవరుకు, ఇనుప గొట్టం తొడిగి మరీ లాగితే రిమ్ము గీసుకుపోయింది, టైరు మాత్రం ఎక్కలేదు. యంత్రం నాసిరకమా, ఇంకా పొడవైన లీవరు కావాలా, అసలు ఇది ఇంట్లో చేసుకోదగిన పనేనా?

ముందుగా ఆ ఇనుప గొట్టం తీసి దూరంగా పెట్టండి. యంత్రం నాసిరకమే కావచ్చు, చూడకుండా చెప్పలేను. కానీ మీరు వివరించిన ఇబ్బందికి కారణం యంత్రం కాదు. అక్కడ చాలకపోయింది బలం కూడా కాదు. ఇరవై ఏళ్లకు పైగా నా బళ్ల టైర్లూ స్నేహితుల బళ్ల టైర్లూ నేనే మార్చుకుంటున్నాను. చివరి జానెడు ఎక్కనప్పుడల్లా, ఒక్కసారి కూడా తప్పకుండా, తప్పు లీవరు ఉన్న చోట లేదు. దానికి సరిగ్గా ఎదురుగా, నేను చూడని వైపున ఉంది.

ఎందుకో అర్థం కావాలంటే రిమ్మును అడ్డంగా కోస్తే ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి. రెండు పక్కలా పైకి లేచిన గట్లు ఉంటాయి. గట్టుకు లోపల ఒక మెట్టు. టైరు అంచును, అంటే బీడ్‌ను, గాలి పీడనం నొక్కి కూర్చోబెట్టేది ఆ మెట్టు మీదే. రెండు మెట్లకూ మధ్యన లోతుగా ఒక పల్లం ఉంటుంది. ఆ పల్లం బరువు తగ్గించడానికో అందం కోసమో పెట్టింది కాదు. టైరు ఎక్కడానికీ దిగడానికీ ఉన్న ఒకే ఒక దారి అది.

బీడ్ లోపల ఉక్కు తీగల చుట్ట ఉంటుంది. అది సాగదు. ఎంత సబ్బు రాసినా, ఎండలో పెట్టినా రబ్బరు మెత్తబడుతుందేగాని ఆ ఉక్కు చుట్టుకొలత వెంట్రుకవాసి కూడా పెరగదు. గట్టేమో మెట్టు కంటే సెంటీమీటరుకు పైగా ఎత్తులో ఉంటుంది, అదీ రెండు పక్కలా. అంటే సాగని చిన్న వలయాన్ని దానికంటే రెండు సెంటీమీటర్లకు పైగా వెడల్పున్న చక్రం మీదుగా దాటించాలి. ఇది నేరుగా అయ్యే పని కాదు. వలయాన్ని ఒక పక్కకు జరిపితేనే అవుతుంది. ఒక వైపు బీడ్ పల్లంలోకి జారితే ఆ లోతు మేరకు ఎదుటివైపు వదులు వస్తుంది. ఆ వదులుతోనే గట్టు దాటాలి. చేతి గాజు తీసేటప్పుడు ఎవరూ గాజును సాగదీయరు కదా, బొటనవేలిని అరచేతిలోకి మడిచి పక్కకు జరిపి తీస్తారు. ఇక్కడ బొటనవేలు మడిచినట్లు బీడ్‌ను పల్లంలోకి దించాలి, అంతే తేడా.

మీరు లాగుతున్నప్పుడు జరిగింది ఏమిటంటే, లీవరు దగ్గర బీడ్ బిగుసుకునే కొద్దీ ఎదుటివైపు బీడ్ పల్లంలోంచి పైకి లేచి మెట్టెక్కి కూర్చుంది. అది అక్కడ ఉన్నంతసేపూ మీరు ఉక్కు తీగను తెంపడానికి ప్రయత్నిస్తున్నట్లే. తెగడం కూడా అసాధ్యమేమీ కాదు. గొట్టం తొడిగిన కడ్డీకి ఆ శక్తి ఉంది. అందుకే కొత్తవాళ్లకు మరీ పొడవైన లీవరు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. పొట్టి లీవరు తప్పును వెంటనే తెలియజేస్తుంది. పొడవైనది ఆ తప్పును దాచిపెట్టి, టైరునో రిమ్మునో పాడు చేసిన తరువాత చెబుతుంది.

కాబట్టి ఇప్పుడు ఆ టైరును పూర్తిగా బయటికి తీయండి. అంచు చుట్టూ వేలితో తడుముతూ పరీక్షించండి. పైపైన రబ్బరు కాస్త రేగితే ఫరవాలేదు. రబ్బరు చిరిగి లోపలి దారాలు కనిపించినా, ఉక్కు తీగ బయటపడినా, అంచు ఒకచోట వంగి మెలిక పడినట్లు అనిపించినా ఆ టైరు ఇక బండికి పనికిరాదు. కొత్తదే కదా అని మనసు ఒప్పుకోదు, తెలుసు. అయినా ఎక్కించకండి.

టైరు బాగానే ఉందనుకుందాం. పని మళ్లీ మొదటినుంచి చూద్దాం.

యంత్రం కదలకూడదు. చేతి యంత్రాల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా అది నేలకు బిగించకపోవడం వల్లనే వస్తాయి. నేలకు బోల్టులు వేయడం కుదరకపోతే మందపాటి ప్లైవుడ్ పలక మీద బిగించి, ఆ పలక మీదే నిలబడి పని చేయండి. మీ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. చక్రాన్ని పట్టుకునే కొక్కేలు ఇనుపవైతే వాటికి పాత ట్యూబు ముక్కలు చుట్టండి. కొన్ని యంత్రాలు కారు చక్రాల కోసం తయారై, మోటారు సైకిలు కోసం పైన ఒక అదనపు భాగం వేసుకుని వస్తాయి. వాటిలో చక్రం పట్టు తప్పి గిర్రున తిరగడం మామూలే. అలా తిరుగుతుంటే ముందు ఆ పట్టు సరిచేసుకోండి, టైరు సంగతి తరువాత.

బ్రేకు డిస్కు విషయంలో జాగ్రత్త అవసరం. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టినప్పుడు దాని బరువు, మీ బరువు డిస్కు మీద పడకూడదు. చెక్క దిమ్మెలు రిమ్ము కింద పెట్టండి. వంగిన డిస్కు చూపుకు తెలియదు, బ్రేకు పట్టినప్పుడు లీవరు చేతిలో కొట్టుకుంటే తెలుస్తుంది. వెనుక చక్రమైతే స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ల చక్రం, ఉన్న భాగం, దాని వెనుక కుదుపును మింగే డంపర్ రబ్బర్లు ఊడి వస్తాయి. వాటిని ముందే తీసి పక్కన పెట్టండి. ఇరుసు తీస్తుంటేనే రాలిపోయే బుష్‌లు, అంటే ఇరుసుకు తొడిగిన చిన్న గొట్టాలు, ఏ వైపువి ఆ వైపు ఉండేలా ఒక ఫోటో తీసుకోవడం మంచిది. నాకు జ్ఞాపకశక్తి బాగుందన్న నమ్మకంతో ఫోటో తీయని రోజున రెండు బుష్‌లూ తారుమారు చేసి, చక్రం ఎందుకు మధ్యకు రావడం లేదా అని గంటసేపు కూర్చున్నాను.

వాల్వ్ లోపలి పిన్ను తీసి గాలి మొత్తం పోనివ్వండి. ఇక్కడో మాట. పాత తరహా స్కూటర్లలో రిమ్ము రెండు ముక్కలుగా ఉండి నట్లతో కలిపి ఉంటుంది. అటువంటి చక్రంలో గాలి ఉండగా ఆ నట్లు వదులు చేస్తే ముక్కలు విడిపోయి ఎగిరి కొడతాయి. పిన్ను తీశాక కూడా చేత్తో టైరు నొక్కి, గాలి లేదని ఖాయం చేసుకున్నాకనే పానా పట్టుకోండి.

బీడ్‌ను మెట్టు మీదినుంచి విడదీయడం మిగతా అన్నిటికంటే మొరటు పని. యంత్రానికి ఉన్న నొక్కుడు చేయి సరిగ్గా రిమ్ము గట్టు పక్కనే, అంచు మీద పడాలి. టైరు పక్కగోడ మధ్యలో నొక్కితే రబ్బరు లోపలికి పోయి తిరిగి వస్తుంది తప్ప బీడ్ కదలదు. మరీ దగ్గరైతే గట్టు మీదే పడి రిమ్ము పోతుంది. ఒకేచోట నొక్కి ఊడగొట్టాలని చూడకండి. కొద్దిగా నొక్కి, చక్రం తిప్పి, మళ్లీ నొక్కండి. నొక్కిన సందులోకి సబ్బు నీళ్లు పోయండి. రెండో చుట్టులో టప్పుమని వదులుతుంది. రెండు పక్కలా వదిలాకే లీవరు ముట్టుకోవాలి. గాలి పీడనం చెప్పే సెన్సరు లోపల ఉన్న చక్రమైతే అది సాధారణంగా వాల్వ్‌కు అంటుకుని ఉంటుంది. నొక్కుడు చేతిని గాని లీవరును గాని ఆ దరిదాపులకు పోనివ్వకండి.

జారడానికి ఏం రాయాలన్న దాని మీద చాలా వాదనలు విన్నాను. టైర్ల కోసమే అమ్మే సబ్బు ముద్ద అన్నిటికంటే మంచిది. అది లేకపోతే గిన్నెలు తోమే ద్రవ సబ్బును నీళ్లలో కలిపి వాడండి, పని అయ్యాక రిమ్మును తుడవండి. గ్రీజు, ఇంజను ఆయిలు, తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం వద్దు. పెట్రోలియం నూనెలు రబ్బరును పాడు చేస్తాయి. పైగా అవి ఆరవు. సబ్బు నీరు ఆరిపోయి టైరు రిమ్మును గట్టిగా పట్టుకుంటుంది. గ్రీజు రాసిన టైరు గట్టిగా బ్రేకు వేసిన రోజున రిమ్ము మీద జారవచ్చు. సబ్బు ఎంత రాయాలంటే, చాలా రాశానని అనిపించిన తరువాత ఇంకొంచెం. బీడ్ రెండు ముఖాలకూ, రిమ్ము గట్టుకూ, లీవరు కొనకూ కూడా. రాసి పావుగంట ముచ్చట్లలో పడితే ఆరిపోతుంది, మళ్లీ రాయాలి.

కొత్త టైరును గంటసేపు ఎండలో ఉంచండి. చలికాలంలో వెచ్చటి గదిలోనైనా ఉంచండి. టైరు కట్టలు కట్టి నొక్కి పంపినదైతే రెండు అంచులూ దగ్గరికి వచ్చి ఉంటాయి. ముందురోజు రాత్రి ఆ రెంటి మధ్య చెక్క ముక్కలు అడ్డం పెట్టి విడదీసి ఉంచితే, తరువాత గాలి కొట్టేటప్పుడు మీకు మీరే ధన్యవాదాలు చెప్పుకుంటారు.

పాత టైరు తీసేటప్పుడు కూడా సూత్రం అదే. పై అంచును లీవరుతో ఎత్తుతున్న చోటికి ఎదురుగా మోకాలితో నొక్కి పల్లంలోకి దించండి. పొడవైన కడ్డీని మధ్య స్తంభానికి ఆనించి చుట్టూ తిప్పే రకం యంత్రమైతే, మొదటిసారి లాగాక అది దాదాపు వేలితో తిప్పినట్లు తిరగాలి. తిరగడం లేదంటే ఆపండి. మోకాలు ఉన్నచోట బీడ్ పైకి లేచింది.

టైరు ఊడాక రిమ్ము ఖాళీగా దొరికే అవకాశం మళ్లీ కొన్ని వేల కిలోమీటర్ల దాకా రాదు. మెట్టు మీద అంటుకున్న పాత రబ్బరు, తుప్పు గీకి శుభ్రం చేయండి. రబ్బరు వాల్వ్ అయితే మార్చేయండి. దాన్ని పొదుపు చేసేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది, టైరు ధర ముందు అది ఏపాటిది? బేరింగుల్లో వేలు పెట్టి తిప్పి చూడండి. గరగర తగిలితే ఈ రోజే మార్చండి.

ఇక కొత్త టైరు. పక్కగోడ మీద తిరిగే దిశ చూపే బాణం ఉంటుంది. చక్రం ఏ వైపు తిరుగుతుందో డిస్కును బట్టి నిర్ధారించుకుని, ఎక్కించే ముందు ఒకసారి, మొదటి అంచు ఎక్కాక మరొకసారి చూడండి. నేను ఒకసారి తిరగేసి ఎక్కించి, గాలి కొట్టి, బ్యాలెన్సు కూడా చేసి, బండికి బిగించాక చూశాను. ఆ సాయంత్రం సంగతి వివరంగా రాయను. డీఓటీ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2323 అంటే 2023లో 23వ వారం. కొనేటప్పుడే చూడాల్సిన విషయమే, ఎక్కించేలోపు చూసినా తిప్పి పంపవచ్చు. పక్కగోడ మీద రంగు చుక్క ఉంటే చాలా కంపెనీల టైర్లలో అది తేలికైన చోటు. దాన్ని వాల్వ్ దగ్గరికి తెస్తే తరువాత బ్యాలెన్సు కోసం అంటించే బరువు ముక్కలు తక్కువ పడతాయి.

మొదటి అంచు ఏటవాలుగా పెట్టి నొక్కితే చాలావరకు చేత్తోనే దిగుతుంది. అసలు కథ రెండోదే. వాల్వ్‌కు ఎదురుగా మొదలుపెట్టి, రెండు పక్కలకూ పాకుతూ వాల్వ్ దగ్గర ముగించండి. ముగింపు అక్కడే ఎందుకంటే, ట్యూబున్న చక్రంలో వాల్వ్ దగ్గర పల్లం నిండి ఉంటుంది, బీడ్ అక్కడ దిగలేదు. కాబట్టి దిగాల్సిన వైపు దానికి ఎదురుగా ఉండాలి. సెన్సరు ఉంటే మాత్రం ముగింపును దానికి కాస్త పక్కకు జరపండి.

లీవరు వేసిన ప్రతిసారీ నాలుగైదు సెంటీమీటర్లకు మించి అడగకండి. లీవరు వేయక ముందు, వేస్తున్నప్పుడు, వేసిన తరువాత ఎదుటివైపు చూస్తూ ఉండండి. సగం దాటాక అక్కడి బీడ్ పైకి రావడానికి చూస్తూనే ఉంటుంది. మోకాలు చాలకపోతే గట్టుకు తగిలించే ప్లాస్టిక్ బిగింపులు దొరుకుతాయి. లేదా బీడ్‌కూ గట్టుకూ మధ్య ఒక చెక్క ముక్క దూర్చినా అది పైకి లేవదు. చివరి జానెడు దగ్గరికి వచ్చాక లీవరు వదిలేయండి. చక్రం చుట్టూ తిరుగుతూ, లోపలికి దిగిన భాగమంతా అరచేతులతో నొక్కి పల్లంలోకి తోయండి, మధ్య నుంచి రెండు పక్కలకూ పిండినట్లు. ఆ జానెడు కాస్తా బెత్తెడు అవుతుంది. మళ్లీ సబ్బు రాసి లీవరు వేస్తే మెత్తగా జారి పడుతుంది. అంత సులువుగా పడిందా అని మీకే నమ్మకం కలగదు. నిన్న మీరు గొట్టం తొడిగి లాగింది ఈ జానెడునే.

ట్యూబున్న చక్రమైతే, రెండో అంచు ఎక్కించక ముందే, స్పోకుల మీది రబ్బరు పట్టీ సరిగ్గా ఉందో లేదో చూసి, ట్యూబుకు పౌడరు రాసి, గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రమే కొట్టి లోపల పెట్టండి. వాల్వ్ నట్టు కొసన రెండు చుట్లు తిప్పి వదలండి, బిగించకండి. చివరికి వాల్వ్‌ను లోపలికి ఒకసారి నొక్కి వదిలితే బీడ్ కింద ఇరుక్కున్న ట్యూబు బయటపడుతుంది. లీవరు కొన అవసరానికి మించి లోపలికి దూర్చడం వల్లే ట్యూబులు చిల్లులు పడతాయి. మొదటి రోజుల్లో ఒకే మధ్యాహ్నం రెండు ట్యూబులు పోగొట్టిన అనుభవంతో చెబుతున్నాను.

గాలి కొట్టేటప్పుడు వేళ్లు రిమ్ముకూ టైరుకూ మధ్య ఉండకూడదు. ట్యూబ్‌లెస్ టైరుకు గాలి వేగంగా వెళ్లాలి. పిన్ను లేకుండా కంప్రెసరుతో కొట్టండి, మామూలు సైకిలు పంపుతో చాలాసార్లు కుదరదు. రెండు వైపులకూ రెండు సార్లు పెద్ద శబ్దం వస్తుంది. మొదటిసారి వినేవాళ్లు ఉలిక్కిపడతారు. 40 పీఎస్‌ఐ దాకా వచ్చినా కూర్చోకపోతే ఇంకా ఎక్కించకండి. గాలి తీసి, సబ్బు రాసి, మళ్లీ కొట్టండి. అసలు గాలే పట్టకపోతే టైరు నేలకు ఆనే భాగం చుట్టూ సామాను కట్టే పట్టీ వేసి బిగిస్తే అంచులు విచ్చుకుని రిమ్మును తాకుతాయి. లోపల పెట్రోలు చల్లి అంటించే వీడియోలు చూసి ఉంటారు, ఆ పని చేయవద్దు. కూర్చున్నాక, గట్టు పక్కనే టైరు మీద సన్నటి గీత ఉంటుంది. అది చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి మునిగి ఉంటే టైరు అక్కడ కూర్చోలేదన్నమాట. తరువాత పిన్ను బిగించి, బండి పుస్తకంలో చెప్పిన పీడనం పెట్టి, అంచుల వెంటా వాల్వ్ మీదా సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడండి.

బ్యాలెన్సుకు ఖరీదైన యంత్రం అవసరం లేదు. ఇరుసును రెండు సమానమైన ఆధారాల మీద పెట్టి చక్రాన్ని వదిలితే బరువైన చోటు కిందికి వస్తుంది. పైన, దానికి సరిగ్గా ఎదురుగా, 5 గ్రాముల అంటుడు బరువు ముక్కలు ఒక్కొక్కటే పెడుతూ, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా చేయండి. అంటించే చోటును ముందు స్పిరిటుతో తుడవాలి.

బిగింపుల సంగతి మీ బండి పుస్తకం చెబుతుంది. ఇరుసు నట్టును దానిలో ఇచ్చిన కొలత ప్రకారం బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితోనే బిగించండి. చైను వదులు, చక్రం తిన్నదనం సరిచూడండి. డిస్కుకు సబ్బు, నూనె అంటితే తుడవండి. బండి ఎక్కే ముందు బ్రేకు లీవరు గట్టిపడేదాకా పలుమార్లు నొక్కండి. చక్రం తీసినప్పుడు ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి, మొదటి నొక్కు ఖాళీగా పోతుంది. అది ఇంట్లోనే పోవాలి, మలుపులో కాదు. కొత్త రబ్బరు నునుపుగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు బండిని ఎక్కువ వాల్చకండి.

ఇంట్లో చేసుకోదగిందేనా అన్నారు. సన్నటి ట్యూబు టైర్లకు ఈ యంత్రం కూడా అవసరం లేదు, మూడు లీవర్లు చాలు. 180/55 (వెడల్పు 180 మిల్లీమీటర్లు) వంటి వెడల్పైన, గట్టి పక్కగోడల టైర్లకు మాత్రం యంత్రం లేకుండా నేను దిగను. ఏడాదికి ఒక్క టైరు మార్చేవాళ్లకు అది మూలన పడి ఉండే ఇనుము. ఏడాదికి నాలుగైదు మార్చేవాళ్లకు, చక్రం ఎవరి చేతుల్లో పడిందో అని బెంగపడేవాళ్లకు పనికొచ్చే వస్తువు. మీరు ఏ కోవకు చెందుతారో నాకంటే మీకే తెలుసు.

రిమ్ము మీది గీత గట్టు పైభాగాన ఉంటే అది అందానికి సంబంధించిన బాధ మాత్రమే. లేచిన లోహపు అంచును సన్నటి గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయండి, లేకపోతే ఈసారి బీడ్‌ను కోస్తుంది. గీత మెట్టు మీదికి దిగి ఉంటే అక్కడినుంచి గాలి నెమ్మదిగా పోయే అవకాశం ఉంది. బుడగలు రాకపోయినా రాత్రి పీడనం రాసిపెట్టుకుని, ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు మళ్లీ కొలవండి.